మడత విప్పిన లంగా

అక్టోబర్ 12
ఇల్వా పొద్దున్న నాలుగు బ్రెడ్ ముక్కలు తినేసి, అయిదోదానికి నా ప్లేట్‌లో చెయ్యి పెట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల, చూడటానికి ఆరేళ్ళదానిలా ఉంటుంది. ఇన్నాళ్ళూ కోడిపిల్ల గింజలేరినట్టు తినేది. ఆగస్టు నుంచి రోజూ పడుకునే ముందు తొడకి గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తున్నాం. ఒంట్లో తయారవ్వాల్సింది తయారవ్వడం లేదు, బయటినుంచి పోస్తున్నాం, అంతే. బొజ్జ కరిగింది. మోకాళ్ళ కింద లాగుతోందని ఏడుస్తుంది. పాపం అనాలి. నేను మాత్రం మందు పట్టిందని లోపల్లోపల పండగ చేసుకుంటున్నాను.

నవంబర్ 30
అత్తగారు గుద్రున్ వచ్చి, ఇల్వా ఉన్ని లంగా తీసి ఒక మడత విప్పారు. మా దేశపు పండగ, మే పదిహేడు ఊరేగింపుకి వేసే ఈ లంగాలకి అడుగున మడతలు పెట్టి కుడతారు, పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కోటీ విప్పుతారు. దీనికి మూడేళ్ళుగా ఒక్కటీ విప్పలేదు. మే నెలకి ఇంకా బోలెడు టైముంది కదా అత్తయ్యా అన్నాను. నీకేం తెలుసే, ఈ రోజు కోసం నా కత్తెర తుప్పు పట్టిపోయింది అని కసిరారు.

డిసెంబర్ 23
పండక్కి తెచ్చిన పంది డొక్కలు ఫ్రిజ్‌లో పట్టలేదు. నువ్వు అడ్డు లే, నేను సర్దుతాగా అన్నారు అత్తగారు. లేచాను. బయట మైనస్ పద్దెనిమిది.

ఫిబ్రవరి 6
ఇల్వా సగం ముక్క వదిలేసింది.

ఫిబ్రవరి 27
బొజ్జ మళ్ళీ వచ్చింది. కాళ్ళు లాగడం లేదమ్మా అని గంతులేస్తూ చెప్పింది. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి టైం తీసుకున్నాను.

మార్చి 14
డాక్టర్ కొలిచింది. డిసెంబర్ తర్వాత దాదాపు ఏమీ పెరగలేదు. రక్తపరీక్షలో హార్మోన్ అంకె కూడా పడిపోయింది. ఇంజెక్షన్లు మానేశారా అని రెండుసార్లు అడిగింది, నేను అబద్ధం చెబుతున్నట్టు. జ్వరంలో కూడా మానలేదు. కొందరి ఒంటికి ఇది పట్టదండీ, జూన్‌లో ఇంకోసారి కొలుద్దాం, అప్పటికీ ఇంతేనంటే ఆపేద్దాం, పిల్లని ఊరికే పొడవడం దేనికి అంది.

కారులో ఇల్వా, నేను సరిగ్గా ఎదగడం లేదా అమ్మా, ఇంకా గట్టిగా ట్రై చెయ్యాలా అని అడిగింది. రోడ్డు కనబడక కారు పక్కకి ఆపాను.

మార్చి 20
దేవుడా, గుమ్మానికి తల తగిలేంత పొడుగిచ్చావు నాకు. కోసి దానికివ్వు.

ఏప్రిల్ 4, మధ్యాహ్నం
రేపు ఈస్టర్. గొర్రె తొడకి చోటు చాలక, అత్తగారు ఫ్రిజ్‌లోంచి ఇంజెక్షన్ పెన్నుల డబ్బా తీసి బయట వరండా మంచులో పెట్టబోతున్నారు. ఈ వారమే తెచ్చిన కొత్త డబ్బా. చేతిలోంచి లాక్కున్నాను. ఏంటే ఆ లాక్కోవడం, చల్లగా ఉంచమనేగా డాక్టరమ్మ చెప్పింది, వరండా కంటే చల్లటి చోటు ఈ లోయలో ఎక్కడుంది, క్రిస్మస్‌కి రెండు రోజులు అక్కడే పెట్టి మళ్ళీ లోపల సర్దేశాను, ఏమైంది అన్నారు.

ఏమైంది!

గడ్డకడితే ఆ మందు పనిచెయ్యదు. కరిగాక మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. మూడు నెలలకి సరిపడా తెచ్చిన మందు అది, అప్పుడు వాడుతున్న పెన్ను ఫ్రిజ్ తలుపు అరలో ఉండబట్టి డబ్బా లేని సంగతే నేను చూసుకోలేదు. మూడు నెలలపాటు నా పిల్ల తొడల్లో పనికిరాని నీళ్ళు పొడిచాను. పండగొస్తే మా ఊళ్ళో ప్రతి ఇంటికీ వరండాయే రెండో ఫ్రిజ్, నా బీరు సీసాలూ అక్కడే ఉంటాయి. ఆవిణ్ణి ఏమని తిట్టను? అయినా తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. మా అమ్మనే అంటావా అన్నాడు నా మొగుడు ఐవిన్. నా కూతురి ఒళ్ళురా అది అన్నాను. అత్తగారు కోటు వేసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. దాని ఒంటికి మందు పట్టకపోవడం కాదు. మందే అందలేదు.

ఏప్రిల్ 8
డాక్టర్‌కి చెప్పాను. కారణం అదొక్కటేనని ఇప్పుడే అనుకోకండి, ఆగస్టు దాకా చూద్దాం అంది. కొంచెం ఆశ పెడితే ఆవిడ సొమ్మేం పోయింది?

మే 2
కొత్త మందు మొదలుపెట్టి నెల కావస్తోంది. సగం ముక్కే. నా ప్లేట్‌లోకి అలా చూడకమ్మా, భయమేస్తోంది అని ఏడ్చింది. దాని ముందు కూర్చుని తినడం మానేశాను. నిద్ర లేదు. ఒకవేళ డాక్టర్ చెప్పిందే నిజమైతే?

మే 16
ఈస్టర్ తర్వాత అత్తగారు ఇవాళే గడప తొక్కారు. లంగా ఒళ్ళో పెట్టుకుని రెండో మడత కూడా విప్పేశారు. నేలకి ఈడుస్తుంది అత్తయ్యా అన్నాను. ఈడవనీ, దాని సంగతి అది చూసుకుంటుంది అన్నారు. ఆవిడ పక్కన కూర్చుని దారం పోగులు ఏరాను.

మే 17
వాన. ఊరేగింపు పొడుగునా లంగా అంచు బురదలో ఈడ్చుకుపోయింది. మడత మళ్ళీ కుట్టించేద్దామంటే ఇల్వా ఒప్పుకోలేదు. ఎడమ చేత్తో లంగా ఎత్తి పట్టుకుంది, కుడి చేతిలో మూడో సాసేజ్. అత్తగారు నా వైపు చూడకుండానే నా చెయ్యి పట్టుకున్నారు.

ఇంకోటి కావాలట.