మా బావగారి నలభై కుండీలు

బావగారికి నమస్కారములు. మేమంతా క్షేమం, మీ రెండెకరాలు మరింత క్షేమం. కౌలుదారుగా ఏ పని చేసినా మీకు తెలియపరచడం నా ధర్మం. ఈసారి మొక్కజొన్న ఒక్కటే కాక సాళ్ళ మధ్య బొబ్బర్లు, కింద గుమ్మడి, గట్ల మీద బంతి వేశాను. బొబ్బర్లు నేలకు బలమిస్తాయి. గుమ్మడాకులు తేమను కాపాడి కలుపును అణుస్తాయి. బంతి మంచి పురుగులను పిలుస్తుంది.

విధేయుడు,
మీ బావమరిది

తా.క.: పిలిచినవన్నీ వచ్చాయి. సాలీళ్ళు కూడా దిగాయి. మహదానందం.

*

బావమరిదికి ఆశీస్సులు. నీకు నేనిచ్చింది పొలం, సత్రం కాదు. పిలిచి మరీ పురుగులను మేపుతావా? మొక్కజొన్న తప్ప తక్కినవన్నీ పీకెయ్. లేదంటే కోతలవగానే పక్క చేను ఆసామికి కౌలు రాసిచ్చేస్తాను. ఆయన చేను చూడు, దువ్వెనతో దువ్వినట్టుంటుంది.

నీ బావ

తా.క.: మేడ మీద నలభై కుండీలు పెట్టాను. అన్నీ టమాటాలే. వ్యవసాయమంటే అదీ! మీ అక్క మాత్రం మూతి తిప్పుకుంటోంది.

*

బావగారికి నమస్కారములు. కోపం తగ్గాక చదవగలందులకు ప్రార్థన. మూడేళ్ళు మొక్కజొన్న మీద మొక్కజొన్నే వేశాం. పురుగుకు ఇల్లు మారాల్సిన అవసరమే లేకపోయింది. మనం కొట్టిన మందుకు కాలువలో కప్పలు మూగబోయాయి. మొన్నటి వానకు ఆ దువ్విన చేలో పైమట్టి కాలువపాలయింది. మనది గుమ్మడాకుల కింద ఎక్కడిదక్కడే ఉంది. వీటిని పీకడానికి నాకు చేతులు రావడం లేదు. ఈ నేల తప్ప నాకు వేరే ఆధారమూ లేదు.

మీ బావమరిది

తా.క.: బంతి విత్తనాలు జతపరిచాను. కోపమొస్తే పారేయండి. కుండీల్లో పారేస్తే మరీ మంచిది.

*

బావమరిదీ! నలభై అయిదేళ్ళొచ్చాయి, ఒక్క మాటకు పది కారణాలు చెప్పే బుద్ధి పోలేదు నీకు. కోతలకు వస్తున్నాను. ఆసామిని గట్టు మీద ఉండమన్నాను. కాగితాలు అక్కడే రాసుకుంటాం. నీ పొట్లం మీ అక్క చేతిలో పడేశాను.

నీ బావ

తా.క.: టమాటా ఆకుల కింద తెల్లదోమ చేరింది. నీ కవరులోనే వచ్చి ఉంటుంది. ఇకపై కార్డు రాయి.

*

బావగారికి, ఆజ్ఞ ప్రకారం కార్డు. దోమ మాది కాదు. ఒకే మొక్కను నలభై విస్తళ్ళలో వడ్డిస్తే పిలవకపోయినా వస్తుంది.

మీ బావమరిది

తా.క.: చోటు చాలలేదు. తక్కిన కారణాలు వచ్చే కార్డులో.

*

బావమరిదికి ఆశీస్సులు. కోతలకు రావడం లేదు. మరో మూడేళ్ళకు కౌలు కాగితం మీద సంతకం చేసి, దీనితోనే పంపుతున్నాను. గుమ్మడి, బొబ్బర్లు, నీ పురుగుల బంధువర్గం, అందరూ ఉండవచ్చు. పక్క ఆసామి తనకు కౌలు వద్దన్నాడు. బొబ్బర విత్తనాలు కావాలట, నిన్నడగడానికి మొహమాటమట. నువ్వే పిలిచి ఇవ్వు. నన్ను మాత్రం ఏమీ అడక్కు.

నీ బావ

తా.క.: నువ్వు పంపిన బంతి విత్తనాలను మీ అక్క నాకు చెప్పకుండా పది కుండీల్లో చల్లింది. ఇప్పుడు టమాటాలు కాస్తున్నవి ఆ పదే. అక్కడ ఒక సాలీడు కాపురం పెట్టింది. పాపం, ఒక్కతే ఎంతని చేస్తుంది? ఓ నాలుగింటిని పంపు. కార్డు వద్దు. కవరులోనే, గాలికి చిల్లులు పెట్టి.