చివరి పేజీ ముందు చదివే వదినకి

వదినా,

నువ్వు పోయాక నేను రాసిన మొదటి నవల నిన్న పటమటలో, మన చీరల కొట్టు పక్క హాల్లోనే విడుదలైంది.

నేనేది రాసినా నువ్వు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ముందు చివరి పేజీ తిప్పేదానివి. "ఆ పిల్ల చచ్చిపోయేట్టయితే ఇప్పుడే చెప్పు, నేను చదవను" అనేదానివి. అన్నీ సుఖాంతాలేనని విమర్శకులు వెక్కిరించినా, నీ కోసం ఇన్నేళ్లూ ఏ హీరోయిన్‌నీ చంపలేదు.

సభలో ఒకమ్మాయి, "ఈసారి ఎందుకు చంపేశారండీ?" అని అడిగింది. నిన్ను ఆసుపత్రి నుంచి తెచ్చుకోలేకపోయాక, ఆ పిల్లని బతికించి ఇంటికి తేవడానికి నాకు చేతులు రాలేదని ఎలా చెప్పను? నవ్వి, ఆ అమ్మాయి పుస్తకం మీద సంతకం పెట్టిచ్చాను.

ఇంటికొచ్చి, ఎప్పటిలాగే మొదటి కాపీ మీద నీ పేరు రాశాను. చివరి పేజీ చించేసి, పుస్తకం నీ ఫొటో దగ్గర పెట్టాను.

చదువుకో వదినా. ఆ పిల్ల బాగానే ఉంది.