దిండు కింద కత్తెర

జినార్,

పెరుగు చారు వేడి చేసేటప్పుడు విరక్కుండా కలుపుతూ ఉండు. చిన్న కూతుళ్లిద్దరికీ రొట్టెలో జున్ను పెట్టివ్వు. నాకు మన కుర్దీ తప్ప రాదుగా, ఆసుపత్రిలో నా తరఫున తుర్కీ మాట్లాడ్డానికి పెద్దదాన్ని తీసుకెళ్తున్నాను.

అవును, మళ్లీ నెల తప్పింది! నీకంటే ముందే మీ అమ్మ పసిగట్టేసింది. మన ఊరు వాన్ వదిలి ఇస్తాంబుల్ వచ్చినా ఆవిడ మగపిల్లాడి పిచ్చి పోలేదు. పొద్దున ఒక దిండు కింద కత్తెర, ఇంకోదాని కింద కత్తి దాచి, "కూర్చో తల్లీ, అలిసిపోయావు" అంది. కత్తెరైతే ఆడపిల్ల, కత్తయితే మగపిల్లాడు. దాస్తుంటే చూశానులే. చూసి మరీ కత్తెర మీద కూర్చున్నాను! ఆవిడ మొహం చూడాలి!

ఎవరు పుట్టినా ఇదే ఆఖరు. ఆవిడ కొడుకువి, నువ్వే చెప్పు.

గులిజార్

అన్నట్టు, తర్వాత నువ్వొచ్చి దర్జాగా కూర్చుని టీ తాగింది ఆ కత్తి దిండు మీదే. మగపిల్లాడు కావాలంటే ఇక నువ్వే కనాలి.