తరలిపోయిన మెరక

నడిలంక పట్టణ పంచాయతీ కార్యనిర్వహణాధికారి గారి సముఖమునకు,
ఎలిమెంటరీ పాఠశాల ఉపాధ్యాయుడు పి. సాలమోను వ్రాసుకొన్న అర్జీ.
తేదీ: 15-11-1982

అయ్యా,

విషయం: బస్సు ఎక్కకుండ బస్టాండు ప్లాట్‌ఫారం మీద కూర్చొనుటకు అనుమతి కోరుట గురించి.

1. మన వైపు మోకాలి లోతు తవ్వితే నీరు ఊరునని తమకు తెలిసినదే. అందుచేత సమాధికి వచ్చిన ప్రతివారూ తమ పెరటి మట్టి ఒక తట్ట తెచ్చి పోయుట మా పేటలో తాతలనాటి వాడుక. శ్మశానంలో మెరక ఆ విధంగా లేచినది. నా భార్య సుందరిని కిందటి ఏడు ఆ మెరకలోనే పెట్టినాము. ఆమెతో ఎన్నడూ మాట్లాడని ఎదురింటి పాపాయమ్మ గారు కూడ తట్ట తెచ్చినారు.

2. శ్మశానమును ఆధునికముగా తీర్చుటకు తమ కార్యాలయం వారు ప్లాను గీయించినారు. ప్లానులో నేల చదునుగా ఉన్నది. కనుక వేసవిలో మెరక కొట్టించి, ఆ మట్టిని కొత్త బస్టాండు పల్లమునకు తోలించినారు. పేటికల మీది మట్టి మాత్రమే తీసినామని ఓవర్సీరు గారు సెలవిచ్చినారు. నేను చూపమని అడుగలేదు.

3. ఇప్పుడక్కడ సిమెంటు బెంచీలు, క్రోటన్ మొక్కలు ఉన్నవి. "దుఃఖించువారు ఇచ్చట కూర్చొనవలెను" అని బోర్డు ఉన్నది. కూర్చుంటిని. దుఃఖం రాలేదు. సిలువలన్నీ గోడకు చేరవేసినారు. సుందరిది దొరికినది గాని ఎక్కడ పాతవలెనో తెలియక మరల గోడకే ఆనించితిని.

4. మట్టి బస్టాండులో ఉన్నది గనుక ఆదివారం ఆరాధన అయిన తరువాత అక్కడ కూర్చొనుచున్నాను. వాచ్‌మన్ భీమరాజు మర్యాదస్తుడు. "మేష్టారండీ, బస్సెక్కనోళ్లని కూర్చోనివ్వద్దన్నారండి. నా ఉజ్జోగం పోద్దండి" అన్నాడు. ఆయ్ అని లేచి, రాజోలు బస్సు ఆగుచోట నిలబడితిని.

5. మెరక తిరిగి కట్టమని అడుగను. దానిపై ఇప్పుడు సిమెంటు ఉన్నది, జనం ఉన్నారు. ఆదివారం పూట నన్ను కూర్చోనివ్వమని భీమరాజుకు ఒక మాట చెప్పించిన చాలును. ఏడ్చి ప్రయాణికులకు ఇబ్బంది కలిగించను. వేసవి నుండి నాకు ఏడుపు వచ్చుట లేదు.

ఈ నాలుగు ముక్కలు చిత్తగించి, కూర్చొనుమనియో లేవమనియో ఏదో ఒకటి సెలవివ్వవలెను.

తమ విధేయుడు,
పి. సాలమోను

తా.క.: నిన్న బస్సులు వచ్చి పోతున్నా నేను కదలకపోవడం చూసి, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కండక్టరు బంగారరాజు దగ్గరకు వచ్చేడు. "ఎక్కడికెళ్లాలండీ మేష్టారూ?" అన్నాడు. "వచ్చేసేను నాయనా" అన్నాను. వాడు నన్ను కూర్చోబెట్టి, నా పక్కన కూర్చున్నాడు. అమలాపురం బస్సు ఆలస్యంగా కదిలింది. అది నా వల్లనే అండీ, వాడినేమీ అనకండి.