భీముడి కుడిచెయ్యి

నర్సీపట్నం

ప్రియమైన నాన్నకి,

తింటున్నావో లేదో అడగను. ములాఖత్‌లో నీ మణికట్లు చూశాను, చాలు.

చిట్టిబాబు తాలూకు వాళ్ళు గొలుగొండ నుంచి బళ్ళేసుకుని వచ్చారు. చెరుకు కొట్టే కత్తులతో మనం ఆడించే కొయ్యబొమ్మల పెట్టె పగలగొట్టారు. ధర్మరాజు మెడ ఒక్క వేటుకే తెగింది. ద్రౌపదిని గోడకేసి మోదితే ముక్కు విరిగి నా కాళ్ళ దగ్గర పడింది. అడ్డం వెళ్ళిన నన్ను జుట్టు పట్టి ఈడ్చారు. “మావోణ్ణి సంపీసి ఇంకా బొమ్మలాడిస్తారేటే” అన్నాడు వాళ్ళలో పెద్దాయన. పెదవికి కుట్లు పడ్డాయి, కంగారుపడకు.

కీచకుణ్ణి పాండవుల పెట్టెలో పెట్టం కదా, అటక మీద ఉండి బతికిపోయాడు. భీముణ్ణి అమ్మ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది గనక మిగిలాడు. అమ్మ అరవలేదు, ఏడవలేదు. ఊరి చివరిదాకా వినపడేలా పద్యం ఎత్తే మనిషి, నిన్ను తీసుకెళ్ళిన దగ్గర్నుంచి ఉప్పు కావాలన్నా సైగే చేస్తోంది.

బొమ్మల్ని కాలితో తన్నాడని, ఆట అయ్యాక చిట్టిబాబుని ఇనప ఊచతో కొట్టి చంపానని స్టేషన్లో చెప్పావు. ఆ సాయంత్రం నేను విశాఖలో పరీక్ష రాస్తున్నాను. కానీ చిన్నప్పుడు బళ్ళో నా క్లాస్‌మేట్ నాగేంద్ర ముందు వరసలో కూర్చుని ఆటంతా ఫోన్లో తీశాడు. ఆట అవగానే నువ్వు చేతులు జోడించి జనం ముందుకొచ్చావు. నువ్వు ఇంకా దండం పెడుతుండగానే, తెర వెనక మనిషి చచ్చి పడున్నాడని కేక వినిపించింది. మరి ఎప్పుడు కొట్టావు?

నీ లోవ

~

నా తల్లి లోవలక్ష్మికి నాన్న ఆశీస్సులు.

కుట్లు మానాయా? పచ్చళ్ళు తినకు.

ఎప్పుడు కొట్టానని ఏటమ్మా అడుగుతావు. కొట్టాను, చచ్చాడు. ప్లీడరు గారికీ అదే చెప్పాను. ఇక్కడ మన ఉత్తరాలు చదివాకే పంపుతారు, అది గుర్తెట్టుకో. ఫోన్లోది చెరిపెయ్యమని ఆ అబ్బాయికి చెప్పు. పరీక్షలు బాగా రాయి.

మీ అమ్మని ఏమీ అడక్కు. అడిగితే నా మీద ఒట్టే.

మీ నాన్న, లచ్చన్న

~

ప్రియమైన నాన్నకి,

పోలీసుల్ని నమ్మించగలవు, బొమ్మల పెట్టె పక్కన పెరిగినదాన్ని నమ్మించలేవు.

భీముడి తాళ్ళు నీ తలమీది ఇనప చుట్టుకి కట్టి ఉంటాయి. నువ్వు తల ఊపితేనే అతను ఊగుతాడు. చుట్టు తీస్తే కూలబడిపోతాడు. వీడియోలో ఒక్కసారి కూడా కూలబడలేదు. అడ్డవాసానికి వేలాడే కీచకుడి మీదకి వెళ్ళే ముందు ఎడమకి చిన్న విదిలింపు ఉంది. నీ మెడ పట్టేసిన నాటినుంచీ అది నీదే, ఇంకెవరు ఆడించినా రాదు. చుట్టు అమ్మకిచ్చావేమోనని ఆమె తలకి పెట్టి చూశాను. జారి మెడలో పడింది.

అంటే ఆటంతా నువ్వు భీముడితోనే ఉన్నావు. తెర వెనక ఇంకున్నది అమ్మే. కీచకుడు పడేముందు, పాడుతూ అమ్మ వాయించే తాళాలు ఆగిపోయాయి, నాన్నా. గొంతు ఆగలేదు గానీ చేతులు మాత్రం ఇంకేదో పనిలో ఉన్నాయి.

నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. అమ్మ భుజాలు పట్టుకుని గోడకి అదిమేశాను. నీకోసం ఆయన జైల్లో కుళ్ళుతుంటే నోరు తెరవవేంటని అడిగాను. సైగైనా చెయ్యలేదు. ఒకే గదిలో పడుకుంటున్నాం, ఆమె మొహం చూడబుద్ధి కావడం లేదు.

సోమవారం ప్లీడరు రమేష్‌బాబు గారికి వీడియో ఇస్తాను. నువ్వు బయటికి రావాలి. బదులుగా ఎవరు లోపలికి వెళ్ళాల్సొచ్చినా సరే.

నీ లోవ

~

అమ్మా లోవా,

మీ అమ్మ మీద చెయ్యి వేశావా. ఈ కాయితం ఎవరు చదివినా చదవనీ, ఇంక దాచను.

నువ్వు తల చూశావు. జనమూ తలే చూస్తారు, అలా చూసేలా ఆడించడమే మన విద్య. ఈసారి కుడిచెయ్యి చూడు.

భీముడు కీచకుడి మీదకి పోతుండగా చిట్టిబాబు తాగి, వెనకనుంచి దూరాడు. మీ అమ్మ చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. తాళాలు అందుకే ఆగాయి. “పాడవే. ఆపితే జనమొచ్చి సూత్తారు, పోయీది నీ పరువే” అన్నాడు. మీ అమ్మ నా కళ్ళలోకి చూస్తూ పాడింది. కీచకుడు పడేదాకా మనం పాట ఆపం కదా.

నేను చుట్టు తియ్యలేదు. భీముడి కుడిచేతిని ఆడించే ఊచ ఊడలాగాను. తలతో భీముణ్ణి ఆడిస్తూ, ఎడమచేతి ఊచతో కీచకుణ్ణి గుద్దిస్తూ, నా కుడిచేత్తో చిట్టిబాబుని కొట్టాను. మొదటి దెబ్బకి దవడ విరిగింది, మీ అమ్మని వదిలేశాడు. అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. తల పగిలి నా పాదాలు తడిసేదాకా కొట్టాను. తెర అవతల జనం దెబ్బదెబ్బకీ ఈలలేశారమ్మా.

అందుకే నా శిక్ష నేను పడతాను. మీ అమ్మ పేరు మాత్రం కోర్టులో పదిమంది నోళ్ళలో నానకూడదు.

మీ నాన్న

~

ప్రియమైన నాన్నకి,

చూశాను. తాళాలు ఆగిన దగ్గర్నుంచి కీచకుడు పడేదాకా భీముడి కుడిచెయ్యి ఊరికే వేలాడుతోంది. ఇన్నిసార్లు చూసి కూడా ఆ చెయ్యి చూడలేదు నేను.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అంతా విని జాకెట్టు చేతులు పైకి లాగింది. వాడి గోళ్ళు దిగిన మచ్చలున్నాయి. వాటి మీదే, నేను గోడకి అదిమినప్పుడు నా వేళ్ళకి కమిలిన గుర్తులు. కాళ్ళ మీద పడబోతే లేపి, “బేగి తెములు, ప్లీడరు గారి దగ్గరికెల్దాం” అంది. ఇన్నాళ్ళకి విన్న మొదటి మాట అది.

సాక్ష్యం చెబితే అవతలి ప్లీడరు నానా ప్రశ్నలూ వేస్తాడని, సిగ్గుతో సగంలో ఆగిపోతే లాభం లేదని రమేష్‌బాబు గారు హెచ్చరించారు. అమ్మ తాపీగా విన్నది.

“ఆడు పాడమన్నాడని పాడేను బాబూ. ఇప్పుడు ఎవులు ఆపమన్నా ఆపను” అంది.

నీ శిక్ష ఎంత తగ్గుతుందో ఆయన చెప్పలేనన్నారు. నీ మాట కాదన్నందుకు కోప్పడాలనుకుంటే మా ఇద్దరినీ కలిపి కోప్పడు. వాయిదాకి వస్తున్నాం. భీముడికి కొత్త ఊచ కడతానంటే అమ్మ కట్టనివ్వలేదు. అలాగే కోర్టుకి తెమ్మంది.

“జడ్జి గారూ తలకాయే సూత్తారు. సెయ్యి మనం సూపించాలి.”

నీ లోవ, కామమ్మ కూతురు