నాలుగో పాటలో మూడు టిక్కులు

మార్చి 2, ఆదివారం

పన్నెండోది దొరికింది. పాత రికార్డుల షాపాయన నా కోసం బల్లకింద దాచి ఉంచాడు. అట్ట ఓ మూల చెమ్మ పట్టింది కానీ లోపల రికార్డు మాత్రం కొత్తదానిలా ఉంది.

ఒకే ఆల్బమ్ పన్నెండు కొన్నావు, ఒకే చీర పన్నెండు కొంటావా అని మా హాస్పిటల్లో సిస్టర్ వెక్కిరిస్తుంది. ఎలా చెప్పను? ఒకే ఫోటోని పన్నెండు స్టూడియోల్లో కడిగించినట్టు. పాట అదే. అచ్చుపోసిన ఫ్యాక్టరీ వేరు, ఏడాది వేరు, గాడి కోసిన మనిషి వేరు. ఒకదాంట్లో డ్రమ్ము పక్కగదిలో మోగుతుంది, ఇంకోదాంట్లో మన పక్కటెముకల్లో మోగుతుంది.

చేసినవాడు ఓ రాక్ బ్యాండులో అందరికన్నా వెనక కూర్చున్న డ్రమ్మర్. బ్యాండు విడిపోయాక ఇదొక్కటి సొంతంగా పాడి చేసుకున్నాడు. మాకు తెలిసిన వాళ్లెవరూ కొనలేదు, మేం ముగ్గురం తప్ప. ముగ్గురం అంటే అన్నయ్య, అన్నయ్య స్నేహితుడు, నేను. తర్వాత ఆ స్నేహితుడికే నన్నిచ్చి చేశాడు అన్నయ్య. అతను ఇంకొకావిడని చూసుకున్నాడు. విడాకులై ఏడేళ్లు. రికార్డులు నాతో వచ్చేశాయి. అన్నయ్య కూడా నా పక్షానే నిలబడ్డాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పదింటికల్లా వస్తాడు. ఒక్క వారం కూడా నాగా లేదు.

ఇవాళ కూడా మామూలే. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను, రికార్డులు తను మార్చాడు. నాలుగో పాట మాత్రమే. ఏది ఎన్నో ప్రెస్సింగో, అంటే ఎన్నోసారి అచ్చుపోసిందో, నేను చెప్పాలి. పన్నెండింట్లో పది సరిగ్గా చెప్పాను. మళ్లీ ఒకటికీ మూడుకీ దగ్గరే తప్పాను. మొదటి ప్రెస్సింగులో డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి సింబల్ మీద దెబ్బ పడగానే పళ్లు జివ్వుమంటాయని కలెక్టర్లందరూ రాస్తారు. ఒకప్పుడు నాకూ జివ్వుమనేది. ఇప్పుడు ఒకటీ మూడూ నాకు ఒకేలా వినిపిస్తున్నాయి.

వారమంతా బీప్ బీప్‌లు విని విని నీ చెవులు మొద్దుబారాయే పొట్టీ అని నవ్వాడు అన్నయ్య. నా ఉద్యోగం జనాలకి వినికిడి పరీక్షలు చేయడం. ఈ భయంతోనే నాలుగేళ్ల కిందట నాకు నేనే పరీక్ష చేసుకున్నాను. నార్మల్ అని వచ్చింది. నమ్మకం కుదరక ఇంకో హాస్పిటల్లో కూడా చేయించుకున్నాను.

మార్చి 4, మంగళవారం, లంచ్ టైమ్

క్యారియర్ మూత కూడా తీయలేదు. ముందు ఇది రాయాలి.

కలెక్టర్ల గ్రూపులో ‘పాతముల్లు’ అనే పేరుతో ఎవరో నాలుగో పాట క్లిప్ పెట్టారు. మొదటి ప్రెస్సింగ్ అని రాశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. సింబల్ పడింది. పళ్లు జివ్వుమన్నాయి. నా చెవులకేం కాలేదని కళ్లనీళ్లొచ్చాయి. ఆ తర్వాత రెండో చరణం మధ్యలో టిక్, టిక్, టిక్. మొదటి రెండూ గట్టిగా, మూడోది మెల్లగా.

అది నా గీత. ఇరవయ్యో ఏట నా వాచీ తగిలి పడింది. ఏ రెండు రికార్డులకీ ఒకే చోట, ఒకే వరసలో అలాంటి గీత పడదు.

సాయంత్రం 6.30

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నా ఒకటో నంబరు పెట్టాను. టిక్కులు లేవు. అవి పోయి చాలాకాలమైంది, మర్చిపోయాను కూడా. భూతద్దం తీసి, లేబుల్ పక్కన గాడి లేని అంచులో గీకి ఉండే అక్షరాలు చూశాను. మూడో ప్రెస్సింగు నంబరు. అట్ట నాదే. లోపలున్నది నాది కాదు.

పాతముల్లు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. రికార్డు వెనక గోడ అలమర. కింది అర మీద నల్లటి మచ్చ. అది నేను ఇస్త్రీపెట్టె పెట్టి కాల్చిన మచ్చ. ఆ ఇంట్లో ఆరేళ్లు కాపురం చేశాను.

దొంగ వెధవ. నేను పెట్టె సర్దుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి చూశాడు. అప్పటికే మార్చేసి ఉంటాడు.

మార్చి 5, బుధవారం

అన్నయ్యకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను. ఇప్పుడే వెళ్లి కాలర్ పట్టుకుంటానంటాడేమో, ఆపాల్సి వస్తుందేమో అనుకున్నాను. బావ అలాంటివాడు కాదే అన్నాడు. పోనీలే, పాత గొడవలు ఇప్పుడెందుకు తవ్వుకుంటావు అన్నాడు.

బావ. అతను నన్ను వదిలేసిన ఏడేళ్లకి కూడా బావే.

మార్చి 6, గురువారం

ఆదివారాలు మేం రికార్డుల పోలికలన్నీ రాసుకునే నోట్‌బుక్ తీశాను. ఈ ఫ్లాట్‌కొచ్చిన మొదటి ఆదివారం నా రాతలో ఉంది: ‘ఒకటి. టిక్కులు మూడు. మార్పు లేదు.’

అంటే ఆ ఇంట్లోంచి వచ్చేటప్పుడు నా రికార్డు నాతోనే ఉంది. దాన్నెవరూ దొంగిలించలేదు.

మూడు వారాల తర్వాత, అది కూడా నా రాతే: ‘అన్నయ్య రికార్డులు కడిగే కొత్త మెషీన్ మీద కడిగి తెచ్చాడు. గీత కాదట, ఇరుక్కున్న దుమ్మేనట. టిక్కులు మాయం!!!’

మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టాను. ఆ రోజు అన్నయ్యని కౌగిలించుకున్నట్టు కూడా గుర్తు.

మార్చి 7, శుక్రవారం

పాతముల్లుకి మెసేజ్ పెట్టాను. నేనెవరో చెప్పి, ఆ రికార్డు ఎలా వచ్చిందని అడిగాను. పది నిమిషాల్లో జవాబిచ్చాడు.

నువ్వు పంపిందేగా అన్నాడు. విడాకుల కాగితాల మీద సంతకాలైన వారం మీ అన్నయ్య తెచ్చిచ్చాడు, నువ్వే ఇవ్వమన్నావని చెప్పాడు అన్నాడు. థాంక్స్ చెబుదామనుకున్నా మొహం చెల్లలేదట. అది చూసినప్పుడల్లా నువ్వు నన్ను క్షమించావనుకుంటూ ఉంటాను అని రాశాడు.

నేను క్షమించలేదు. నా తరఫున అన్నయ్య క్షమించేశాడు, నాకు చెప్పకుండా.

మార్చి 8, శనివారం

వదినకి ఫోన్ చేశాను. అన్నయ్య ఇంట్లో లేడంది. నెలకో శనివారం ఆ స్నేహితుడింటికి వెళ్తారుగా, పాటలు వినడానికి, నీకు తెలుసనే అనుకున్నానమ్మా అంది.

మార్చి 9, ఆదివారం

సరిగ్గా పదింటికి వచ్చాడు. టర్న్‌టేబుల్ మీద రికార్డేమీ లేకపోవడం చూసి విషయం గ్రహించాడు. చెప్పులు వదిలే చోట వదల్లేదు, మళ్లీ వేసుకోవాల్సొస్తుందని ముందే తెలిసినట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు.

నేను అరవలేదు. నోట్‌బుక్ తెరిచి చూపించాను.

విడాకులప్పుడు అతను అడిగింది అదొక్కటే అన్నాడు అన్నయ్య. ఇల్లూ సామానూ గురించి పేచీ పెట్టలేదు, సంతకం పెట్టడానికి ఒక్కరోజు కూడా తిప్పలేదు, పోనీ ఒక్క రికార్డేగా అనుకున్నాను అన్నాడు. నాతో ఒక్క మాట అంటే ఏం పోయిందన్నాను. అంటే ఇచ్చేదానివా అన్నాడు. ఇచ్చేదాన్ని కాదన్నాను. అందుకే అడగలేదన్నాడు. ఎంత సులువుగా అన్నాడో!

అంతటితో ఆగి ఉంటే ఏమో, ఒక ఏడాదికి తేరుకునేవాళ్లమేమో. నెలనెలా వెళ్తున్నావటగా అన్నాను. మొహం ఎర్రబడింది. నీ కాపురం కూలింది సరే, నా స్నేహితుడు ఎందుకు పోవాలి అని గట్టిగా అరిచాడు. పదో తరగతి నుంచి వాడు నా పక్కన ఉన్నాడు, నువ్వు తర్వాత వచ్చావు, వాడితో మాట్లాడొద్దని నువ్వు అనకపోయినా నీ కళ్లు అన్నాయి, నేనేం చెయ్యాలి అన్నాడు. ఏడుస్తున్నాడు కూడా.

అది అబద్ధం కాదు. నా కళ్లు అని ఉంటాయి. అడిగితే పోట్లాడేదాన్ని. నెలరోజులు మాట్లాడకపోయేదాన్ని. తర్వాత వెళ్లమనేదాన్ని. అన్నయ్యకి నేను ఆ మాత్రం తెలియనా?

అదంతా సరే, నా చెవులు మొద్దుబారాయని ఎందుకన్నావు అని అడిగాను. ఏడేళ్లు నన్ను గోడవైపు కూర్చోబెట్టి, రెండుసార్లూ మూడో ప్రెస్సింగే వేసి, తప్పు నా చెవులదని నవ్వావెందుకు?

తన దగ్గరుండే నా ఫ్లాట్ తాళంచెవి స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను పెట్టమనలేదు. తీసుకెళ్లమని కూడా అనలేదు.

మార్చి 10, సోమవారం

పదహారు మందికి పరీక్ష చేశాను.

మార్చి 13, గురువారం

అన్నయ్య హాస్పిటల్‌కి వచ్చాడు. మామూలు పేషెంట్లలా చీటీ రాయించుకుని, డాక్టర్‌కి చూపించుకుని, చెవిలో హోరుగా ఉందని చెప్పి, నా గది బయట బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాడు. నా వంతొస్తే నువ్వెలాగూ పొమ్మనలేవుగా అన్నట్టు చూశాడు.

అనలేదు. లోపల కూర్చోండి అన్నాను. శబ్దం ఎంత సన్నగా వినిపించినా చెయ్యి ఎత్తండి అన్నాను. ఎత్తండి అనేసరికి తల దించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని ‘మీరు’ అనడం ఇదే మొదలు.

అద్దాల గది తలుపు వేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. లోపలి మాట బయటికి వినబడాలంటే నేను స్విచ్ వెయ్యాలి. వెయ్యలేదు. బీప్ ఇచ్చాను. మాట్లాడుతూనే చెయ్యి ఎత్తాడు. ఇంకా సన్నగా ఇచ్చాను. ఎత్తాడు. ఎనిమిది వేల హెర్ట్జ్ దగ్గర, ఆ వయసువాళ్లలో చాలామందికి వినబడని చోట, ఎంత తగ్గించినా చెయ్యి లేస్తూనే ఉంది. కళ్లు తుడుచుకోవడం కోసం ఒక్కసారి మాత్రం ఆగాడు. అప్పుడు నేనూ ఆగాను.

గ్రాఫ్ గీశాను. రెండు చెవులూ నార్మల్. ఇంత మంచి చెవులు ఈ నెలలో ఎవరికీ చూడలేదు. అంటే ప్రతి ఆదివారం తనకి అన్నీ వినబడ్డాయి.

సంతకం చేసి, రిపోర్టు కౌంటర్లో తీసుకోండి అని చెప్పాను. తర్వాతి పేషెంట్‌ని పిలిచాను.

మార్చి 16, ఆదివారం

పదింటికి ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ఆ ఇంటికి వెళ్లాను. అతని భార్య తలుపు తీసింది, కంగారుపడి కుర్చీ లాగి, ఇది మీ అన్నయ్యగారి కుర్చీ, కూర్చోండి అంది. నా రికార్డు రెండు వైపులూ నిలబడే విన్నాను. తీసుకెళ్లమని అతనే అన్నాడు. తెచ్చేసుకున్నాను.

బస్సులో పక్కనున్నావిడ నా ఒళ్లోని అట్ట చూసి ఎవరు పాడారని అడిగింది. డ్రమ్స్ వాయించే ఆయన అన్నాను. డ్రమ్స్ వాయించే ఆయనకి పాడటం వచ్చా అంది.

రాదండీ అన్నాను.