కాళ్లకు పని లేని మగ్గం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదువుకోమని నువ్వన్నట్టే రాజంపేట వదిలి మైసూరు సంస్థానానికి, ఈ బెంగళూరుకు వచ్చాను. ఇక్కడ కాలేజీ ఫీజు తక్కువ. పగలు చదువు, సాయంత్రం నుంచి బట్టల మిల్లులో పని. అక్కడ మగ్గాన్ని యంత్రమే ఆడిస్తుంది. పక్కన నిలబడి తెగిన పోగులు అతకాలి, అంతే. కాళ్లకు పనే లేదు.

అందుకేనేమో, ఈరోజు క్లాసులో బల్ల కింద నా కాళ్లు వాటంతటవే తొక్కడం మొదలుపెట్టాయి, మన గుంతమగ్గంలో కూర్చుని నేస్తున్నట్టే. మేష్టరు పాఠం ఆపి, ఏం చేస్తున్నావని కన్నడంలో అడిగారు.

"నేస్తాండా నాయనా" అనేశాను.

తెలుగు తెలిసిన ఇద్దరు ముగ్గురు పగలబడి నవ్వారు. నవ్వనీ. మేష్టరుకు ఆ మాట అర్థమే కాలేదు. కాళ్లు ఆడించొద్దని చెప్పి మళ్లీ పాఠంలో పడ్డారు.

మనింట్లో నా కాళ్లు కాస్త ఆగితే చాలు, పక్క మగ్గం నుంచి నీ గొంతు వినబడేది: "ఏమప్పా, కాళ్లు నిలిచిపోయినాయే?" వెంటనే మళ్లీ తొక్కుతూ "నేస్తాండా నాయనా" అనేవాణ్ని.

ఈరోజు గంట కొట్టేదాకా కాళ్లు కదపలేదు నాయనా. ఎందుకు ఆగిపోయావని ఎవరూ అడగలేదు.